తాళం వేసిన నిచ్చెన

ఏప్రిల్ 9

వీరయ్య కాకా మూడో నెట్టు మీద నుంచి పడిపోయాడు. నేను అప్పుడు భోజనం చేస్తున్నాను. చూడలేదు.

ఏప్రిల్ 10

నిన్న అంతకన్నా రాయలేకపోయాను. ఇవాళ వరసగా రాస్తాను, ఎవరూ అడగకముందే.

మూడో నెట్టు అంటే మా గోదాములో ఇరవై వరసల మక్కల బస్తాలు, పదహారు అడుగుల ఎత్తు. పురుగు పట్టకుండా మందు బిళ్లలు పెట్టి, నెట్టు మొత్తానికి ప్లాస్టిక్ కవరు కప్పాలి. కవరు కొస పైకి లాగడానికి ఎవరో ఒకరు ఎక్కాలి. కాకా పన్నెండు మంది హమాలీలకు మేస్త్రీ. ఎత్తు పని ఇంకొకరికి చెప్పడం ఆయనకు నామోషీ. యాభై ఆరేళ్ల మనిషి, తనే ఎక్కాడు. కవరు కప్పి దిగుతూ పడ్డాడు. వెల్లకిలా, సిమెంటు గచ్చు మీద.

నేను పరుగెత్తుకొచ్చేసరికి కళ్లు తెరిచే ఉన్నాడు. "కాళ్లెక్కడున్నయ్ర?" అని యెషయాని అడుగుతున్నాడు. ముఠాలో కాకా తర్వాతి మనిషి యెషయా. "ఈడ్నే ఉన్నయే, నీకే ఉన్నయ్" అని వాటిని పట్టుకొని చూపించాడు. పట్టుకున్న సంగతి కాకాకి తెలియలేదు.

అంబులెన్స్‌లో ఎక్కించాక యెషయా నాతో అన్నాడు: "చెయ్యి జారలే మేడం, సంచి జారింది. గోనెసంచి అయితే గోరు పడ్తది. ఈ ప్లాస్టిక్ సంచికి ఏడ పట్టుకుంటం?"

మెట్లుంటే పట్టుకోవాల్సిన పనే లేదు. నెట్టు కట్టేటప్పుడు ఒక మూలన బస్తాలు కాస్త కాస్త వెనక్కి జరిపి ముఠావాళ్లు మెట్లు వదులుతారు. వాటి మీదే ఎక్కడం, దిగడం. ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. మార్చి నెలాఖరులో సరుకు మీద పడింది. మా మేనేజర్ రామభద్రరావు గారు ఆ మూలను చూసి, "ఇక్కడ నలభై బస్తాలు పడతాయి కదయ్యా, గాలిని నిలవచేస్తున్నామా మనం?" అన్నారు. మూల నింపించారు. జోకు బాగుందని నేను కూడా నవ్వాను.

ఏప్రిల్ 11

పెద్దాసుపత్రి. వెన్నుపూస విరిగిందని డాక్టర్ చెప్పాడు. నడుము కింద స్పర్శ వస్తుందా అని అడిగితే, "చూద్దాం" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతను కాకాని కాదు, గడియారాన్ని చూశాడు.

కాకా భార్య సుమిత్ర చిన్నమ్మ వార్డు బయట గోడకానుకొని కూర్చుంది. నన్ను చూసి లేచింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆఫీసు నుంచి వచ్చినదాన్ని కదా.

ఏప్రిల్ 12

నిచ్చెన ఇవ్వాలంటే మేనేజర్ సంతకం కావాలి. అది రూలు. నేను పెట్టిన రూలు కాదు.

ఏప్రిల్ 13

ఆదివారం. నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. ముప్పై నాలుగేళ్ల సర్వీసు, యూనియన్ మనిషి. టీ తాగుతూ అంతా విన్నాడు. విన్నాక అడిగిన మొదటి ప్రశ్న: "మీ దాంట్ల నిచ్చెన లేదా?"

"ఉంది."

"ఎవరి చార్జిల ఉంది?"

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ పప్పులో రాళ్లు ఏరుతోంది. ఈ రోజుల్లో పప్పులో రాళ్లెక్కడివి. ఆమెకు చేతికి పని కావాలి.

"మా షాపుల ఎవడన్న పడితే మనిషిని తర్వాత చూస్తరు బిడ్డా. ముందు సామాను ఎవరి చార్జిల ఉందో చూస్తరు. నువ్వేం రాసియ్యకు. ఎవరడిగినా తెల్వదను. ఇంకా పర్మనెంట్ సుత కాలే నీకు."

మే డే నాడు ఎర్ర జెండా పట్టుకొని ముందు వరసలో నడిచే మనిషి. చొక్కా కూడా ఆ రోజుకి ప్రత్యేకంగా ఇస్త్రీ చేయించుకుంటాడు.

నిచ్చెన సంగతి కూడా రాసేస్తాను. అల్యూమినియంది, ఇరవై అడుగులు. గోదాముకు సర్టిఫికెట్ రావడానికి రెండేళ్ల కిందట కొన్నారు. మెట్లకి చుట్టిన ప్లాస్టిక్ కాగితం ఇంకా తీయలేదు. శాంపిల్ రూములో ఉంటుంది. ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడు బయటికి తీసి, ఫోటో దిగి, తుడిచి లోపల పెడతారు. అది వంకరపోతే తర్వాతి ఇన్‌స్పెక్షన్‌కి మళ్లీ కొనాలని తాళం. రూములో గింజల తేమ కొలిచే మిషన్ ఉంటుంది, ఆ మిషన్ నేను చూస్తాను, అందుకని తాళంచెవి నా దగ్గర. అంతే. అంతకుమించి ఏమీ లేదు.

ఏప్రిల్ 15

ఉంది.

కాకా అడిగాడు.

పడ్డ రోజు పన్నెండున్నర అయి ఉంటుంది. గుమ్మం దగ్గర నిలబడి, తలకు చుట్టిన తువ్వాలు విప్పి చేతిలో పట్టుకొని అడిగాడు. "డాక్టరమ్మా, జెర ఆ నిచ్చెన ఇప్పియ్యరాదు. మెట్లు లేకపాయె, మూడో దానికి కవర్ కప్పాలె."

నేను చేరిన మొదటిరోజు తేమ మిషన్‌లో గింజలు పోస్తుంటే వెనక నిలబడి, "ఏందీ బిడ్డా, మక్కలకు జ్వరం చూస్తున్నవా?" అన్నాడు. అప్పటి నుంచి నేను మక్కల డాక్టర్‌ని. నేను గేటు దాటగానే గోదాము అవతలి కొస నుంచి కేకేస్తాడు: "డాక్టరమ్మ వచ్చింది, అందరు నాలుకలు బయటపెట్టుండ్రి!"

ఆ రోజు నేను తల ఎత్తలేదు. "సార్ లేరు కాకా. సంతకం లేకుండా ఇవ్వకూడదు" అన్నాను.

"గంతేనా. సరే తియ్" అన్నాడు. వెళ్లిపోయాడు.

రామభద్రరావు గారు బ్యాంకుకి వెళ్లారు. ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. నేను భోజనం కూడా చేయడం లేదు. ఒక విత్తనాల కంపెనీ ఉద్యోగానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపుతున్నాను. రెండు గంటలకు లింకు మూసేస్తారు. ఫోటో సైజు ఎక్కువైందని మూడుసార్లు వెనక్కి కొట్టింది. ఈ గోదాములో బొటనీ డిగ్రీ పెట్టుకొని మక్కల దుమ్ము పీల్చడం ఇక చాలనుకున్నాను. ఆ సమయంలో వచ్చి అడిగాడు.

దరఖాస్తు వెళ్లింది. ఒంటిగంటా నలభైకి.

ఆయన ఒంటిగంటా పదికి పడ్డాడు. పడ్డాడని చెప్పాక నేను లేచి పరుగెత్తాను. తిరిగి వచ్చి సబ్మిట్ నొక్కాను. ఆ సంగతి ఇక్కడ తప్ప ఎక్కడా రాయను.

ఏప్రిల్ 18

రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా ఆసుపత్రికి అన్నం పట్టుకెళ్తున్నాను. అమ్మ చేస్తుంది. ఎవరికి, ఎన్నాళ్లు అని అడగదు. ఇవాళ బీరకాయ పప్పు.

సుమిత్ర చిన్నమ్మ ఇప్పుడు నన్ను చూసి లేవడం లేదు. పక్కన జాగా చూపిస్తుంది. పక్క మంచం ఆమెతో చెబుతోంది: "మా ఆయన పనిచేసే ఆఫీసుల పెద్ద మేడం. సొంత బిడ్డ సుత ఇట్ల చెయ్యది." నేను పెద్ద మేడం కాదు అన్నాను. అంత వరకే కాదన్నాను.

కాకాకి ముద్దలు కలిపి పెడుతుంటే ఆయన, "డాక్టర్‌వి నువ్వు, మందులు ఇయ్యక పప్పు పెడ్తున్నవేందీ?" అన్నాడు. చిన్నమ్మ నవ్వింది. పది రోజుల్లో మొదటిసారి అనుకుంటా.

చిన్నమ్మకు తెలియదు. ఆయన చెప్పలేదు.

ఏప్రిల్ 22

ఇన్సూరెన్స్ సర్వేయర్ భానుప్రకాశ్ వచ్చాడు. ముఠాకి ప్రమాద బీమా ఉంది. అది కూడా సర్టిఫికెట్ కోసం తీసుకున్నదే. పని చేస్తూ పడ్డాడని, భద్రతా సామాను వాడకపోవడం అతని తప్పు కాదని తేలితేనే డబ్బు. తేలకపోతే కాకా మిగిలిన బతుకంతా చిన్నమ్మ నాలుగిళ్లలో తోమే గిన్నెల మీద నడవాలి. మంచం, మూత్రం సంచి, మందులు, అన్నీ.

ముందు ఆఫీసుకొచ్చాడు. గోడ మీద ఫ్రేము కట్టించిన ఫోటో ఉంది. నిచ్చెన మీద పసుపు హెల్మెట్‌తో నవ్వుతున్న మనిషి, కింద "భద్రతే మా ప్రాణం". ఆ మనిషి వీరయ్య కాకాయే. రెండో మెట్టు మీద నిలబడ్డాడు, మూడో మెట్టు ఎక్కనివ్వలేదు, ప్లాస్టిక్ కాగితం చిరుగుతుందని. భానుప్రకాశ్ ఫోన్‌తో ఆ ఫోటోకి ఫోటో తీసుకున్నాడు. "గుడ్. అంటే ట్రైనింగ్ ఉంది మనిషికి" అన్నాడు.

రామభద్రరావు గారు, "ఉందండీ, ఎందుకు లేదూ! పద్ధతిగా నేర్పించాం. ఆసుపత్రి దాకా మా అమ్మాయి వస్తుంది లెండి, దారి తెలుసు" అన్నారు. అలా నేను వెళ్లాను.

వార్డులో భానుప్రకాశ్ కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. "వీరయ్య గారూ, ఒక్కటే క్వశ్చన్. నిచ్చెన ఉందని మీకు తెలుసు. ఆ రోజు అడిగిండ్రా?"

నేను మంచం కాళ్ల వైపు నిలబడ్డాను. కాకా నన్ను చూడలేదు. పైన ఫ్యాను చూశాడు.

"అడగలే సార్."

"ఎందుకు?"

"అలవాటు లేదు. ముప్పయ్యేండ్ల సంది గిట్లనే ఎక్కుతున్న. నిచ్చెన ఎందుకు నాకు, తాటిచెట్టెక్కుతున్ననా?"

భానుప్రకాశ్ నవ్వుతూ రాసుకున్నాడు. కాకా వేలిముద్ర పక్కన చిన్నమ్మని సాక్షి సంతకం పెట్టమన్నాడు. ఆమెకు సంతకం రాదు. నన్ను పెట్టమన్నాడు.

పెట్టాను.

ఏప్రిల్ 23

అడగలేదని ఆయనే అన్నాడు. నేను అనమనలేదు.

ఏప్రిల్ 24

నేను అనమనలేదు.

ఏప్రిల్ 26

రామభద్రరావు గారు ఇవాళ హుషారుగా ఉన్నారు. రిపోర్టులో ఏమొస్తుందో భానుప్రకాశ్ ఫోన్‌లో చెప్పాడట. సామాను అందుబాటులో ఉంది, శిక్షణ ఉంది, మనిషి కావాలనే వాడలేదు. సొంత నిర్లక్ష్యం. క్లెయిము నిలవదు.

"పాపం వీరయ్య," అన్నారు, సమోసా విరుస్తూ. "మంచోడే. కానీ చూసుకోవాలి కదమ్మా. మన మీదకైతే ఏమీ లేదు, అది చాలు. తినమ్మా, చల్లారిపోతుంది."

తిన్నాను.

ఏప్రిల్ 27

కాకాని మూడు రోజుల కిందటే ఇంటికి పంపేశారు. మా క్వార్టర్స్ వెనక బస్తీలో రేకుల ఇల్లు. ఆదివారం కదా, పొద్దున్నే వెళ్లాను. చిన్నమ్మ నీళ్లకి పోయింది. ఇద్దరమే ఉన్నాం.

"ఎందుకు అబద్ధం చెప్పావు కాకా?"

"ఏం అబద్ధం?"

"నువ్వు అడిగావు. నేను ఇవ్వలేదు."

"గదా? గది నాకు యాదికే లేదు పో." దుప్పటి పైకి లాక్కొని, "నీకు ఇంకా షాదీ గాలే, నౌకరీ పక్కా గాలే. పేరు ఖరాబైతే ఎట్ల? నాదేముంది. నేనెట్లా మంచంల పన్న."

"నువ్వలా చెప్పడం వల్ల డబ్బు రాదంటున్నారు."

ఆయన ముఖం మారింది. ఇది ఆయనకు తెలియదు. అడగలేదంటే తన ఒక్కడి పొగరు కింద పోతుంది, బీమా దాని దారిన అది వస్తుంది అనుకున్నాడు. ముఠాలో అంతే కదా. ఎవరి చేతిలో బస్తా చినిగినా మేస్త్రీ తన మీదేసుకుంటాడు, తిట్లు తింటాడు, సాయంత్రానికి అయిపోతుంది. ముప్పై ఏళ్లుగా అలా అయిపోయింది. కాగితం మీద అలా అయిపోదని ఆయనకు ఎవరు చెప్పాలి?

"రాదా?" అన్నాడు.

"రాదు."

పైన రేకుల వైపు చూశాడు. "సరే తియ్" అన్నాడు.

అదే మాట. నిచ్చెన ఇవ్వనన్నప్పుడు అన్న మాటే, అదే గొంతుతో. వద్దు కాకా, నేను వెళ్లి నిజం చెబుతాను అని అక్కడే అనాల్సింది. అనలేదు. నీళ్ల బిందెతో చిన్నమ్మ వచ్చింది, చాయ్ పెడతానంది, నేను పని ఉందన్నాను. పని లేదు. బయటికి వచ్చాక ఊపిరి తేలికగా ఆడింది.

ఏప్రిల్ 30

విత్తనాల కంపెనీ నుంచి మెయిల్. ఎంపిక కాలేదు.

మే 2

రెజిమెంటల్ బజార్‌లో ఒక పాత సామాన్ల దుకాణం పైన భానుప్రకాశ్ ఆఫీసు. ఆఫీసుకు సెలవు పెట్టి వెళ్లాను. నాన్నకు చెప్పలేదు.

విన్నాడు. పెన్ను మూత పెట్టాడు, తీశాడు.

"మేడం, ఇది రాస్తే మొత్తం మీ మీదికే వస్తది. తెలుసు కదా? ఆయనే అడగలేదంటున్నడు. సాక్షి సంతకం సుత మీదే."

"తెలుసు."

"సంతకం లేకుండా ఇవ్వొద్దని కంపెనీ రూలు అన్నరు. అట్ల అయితే మీ తప్పేం లేదని రాయొచ్చు. రూలు మీద పెట్టేద్దాం."

ఇరవై రోజులుగా నేను వెతుక్కుంటున్న తలుపు అదే. అతను తీసి పట్టుకున్నాడు, నేను వెళ్లడమే తరువాయి. అప్పుడు ఫిబ్రవరి గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అంటే మరిచిపోయానని కాదు. నా టేబుల్ మీది ఫ్యాను తిరగకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాను. రామభద్రరావు గారు ఆ రోజూ లేరు. నిచ్చెన నేనే తీయించాను. ఏ సంతకమూ లేదు.

అది కూడా రాశాను. ఫ్యాను కోసం ఇచ్చాను, కాకాకి ఇవ్వలేదు అని. మెట్ల మూల నింపించిన సంగతి రాయబోతే భానుప్రకాశ్ ఆపాడు. "అది ఫారంలో అడగరు మేడం. బస్తాలు ఎట్ల పేర్చాలో వాళ్లిష్టం." గడిలో నాలుగు గీతలే ఉన్నాయి. నాకు నాలుగూ సరిపోయాయి. రామభద్రరావు గారికి ఒక్కటి కూడా రాలేదు.

"ఆ టైంలో మీరేం చేస్తున్నరు?" అన్నాడు చివర్లో.

"దరఖాస్తు నింపుతున్నాను" అని రాశాను. వేరే ఉద్యోగానికి అని కూడా.

మే 5

మెమో. నేను భానుప్రకాశ్‌కి రాసిచ్చిన దానికి మూడు రోజుల్లో జవాబివ్వాలి.

"నేను లేనప్పుడు ఇవ్వొద్దని ఎప్పుడైనా అన్నానా అమ్మా?" అన్నారు రామభద్రరావు గారు. గొంతులో నిజమైన బాధ. "తాళంచెవి నమ్మి ఇచ్చాను నీకు. ఆడపిల్లవి, చదువుకున్నదానివి."

ఆలోచించాను. నిజమే, ఎప్పుడూ అనలేదు. మెట్లు తీసేయండి అని కూడా అనలేదు. గాలిని నిలవచేస్తున్నామా అన్నారు, అంతే. ఆయన ఎప్పుడూ ఏదీ అనరు. మనమే అర్థం చేసుకొని చేస్తాం.

నాన్న మాట్లాడటం లేదు. అమ్మ మాత్రం, "ఇవాళ అన్నం పంపాల్నా?" అని అడిగింది. పంపాలన్నాను. వెళ్లలేదు. అన్నం మేమే తిన్నాం.

మే 9

భానుప్రకాశ్ ఫోన్ చేశాడు. క్లెయిము నిలుస్తుందట. సంస్థ ఉద్యోగి నిరాకరించడం వల్ల ప్రమాదం. వీరయ్య తప్పు లేదు. నిన్న వాళ్లింటికెళ్లి నా కాగితం చదివి వినిపించి, మళ్లీ వాంగ్మూలం తీసుకున్నాడు. ఈసారి ఆయన కాదనలేదట. అవుననీ అనలేదట. చిన్నమ్మ వేలిముద్ర వేసిందట.

సాయంత్రం వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సింది. లేదు, వెళ్లాలి.

చిన్నమ్మ గడపలో కూర్చొని కొత్తిమీర తుంచుతోంది. లేవలేదు. పక్కన జాగా చూపించలేదు. చేతిలో కట్ట మొత్తం తుంచేసింది.

"పైసలు వస్తయంట" అంది.

"అవును చిన్నమ్మా."

"మంచిగైంది." ఆకులు గిన్నెలో వేసింది. "పంకా కోసం ఇచ్చినవంట కదా."

నేను తలూపాను.

"అబద్ధమేమో అనుకున్న. ఆ సారుతోని కాగితం రెండుసార్లు చదివిచ్చుకున్న. ఆస్పత్రిల పదిహేను దినాలు నీ చేతి అన్నం తిన్నం. వార్డుల అందరికి చెప్పిన, బిడ్డ అని. నువ్వు విన్నవ్. పక్కనే కూసోని విన్నవ్."

"చెబుదామనే..."

"చెప్పినవ్ కదా. సారుకు చెప్పినవ్." గిన్నె పట్టుకొని లేచింది. గుమ్మానికి అడ్డంగా నిలబడింది. గట్టిగా కూడా అనలేదు, పక్కింటివాళ్లు వింటారని. "ఇంక రాకమ్మా. ఆయన మంచోడు, నువ్వొస్తే మళ్ల నవ్వుతడు. నేను అంత మంచిదాన్ని కాదు."

లోపల కాకా మేలుకునే ఉన్నాడు. దగ్గాడు. మంచం గుమ్మానికి నాలుగడుగుల దూరం, నా గొంతు వినపడే ఉంటుంది.

పిలవలేదు.